బొమ్మ ఇంటి దగ్గరికి వచ్చిన దారి

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీకి 1995లోనే ఒక బెంగ పట్టుకుంది. జనం పెరిగేకొద్దీ ఇంటర్నెట్ ఎక్కడికక్కడ స్తంభించిపోతుందేమోనని. అప్పటికి అమెరికాలోని ఎంఐటీలో పనిచేస్తున్న ఆయన, దీనికి విరుగుడు వెతకమని సహచరులను అడిగారు. గణిత ఆచార్యుడు టామ్ లైటన్, ఆయన శిష్యుడు డానీ లెవిన్ ఆ పని నెత్తికెత్తుకున్నారు.

ఒకే ఫైలును పలుచోట్ల సర్వర్లలో దాచి, అడిగినవాళ్లకు దగ్గర్లోంచి ఇవ్వాలి. అయితే వంద సర్వర్లలో ఏ ఫైలు ఎక్కడుందో తెలిసేదెలా? ఫైలు పేరును ఒక సంఖ్యగా మార్చి, వందతో భాగించి, శేషాన్ని బట్టి సర్వర్‌ను ఎంచుకోవడం అందరికీ తెలిసిన పద్ధతే. ఒక్క సర్వర్ పాడైందా, భాజకం 99 అవుతుంది, దాదాపు ప్రతి ఫైలు చిరునామా మారిపోతుంది. లైటన్, లెవిన్, వారి సహచరులు 1997లో ప్రకటించిన ‘కన్సిస్టెంట్ హ్యాషింగ్’ ఈ ముడి విప్పింది. ఒక వలయం మీద సర్వర్లకూ ఫైళ్లకూ చోట్లు కేటాయిస్తారు. ప్రతి ఫైలూ వలయం వెంట ముందుకు వెళ్లి, మొదట ఎదురైన సర్వర్‌లో చేరుతుంది. ఆ సర్వర్ ఆగిపోతే దాని ఫైళ్లు మాత్రమే పక్కదానికి వెళ్తాయి. మిగతావి కదలవు. ఇంత చిన్న ఆలోచన ఇంత బరువు మోయడం నిజంగా అబ్బురం.

1998లో వాళ్లు అకమాయ్ సంస్థ పెట్టారు. మరుసటి ఏడాది స్టార్‌వార్స్ ట్రైలర్ కోసం జనం ఎగబడినప్పుడు ఆ సర్వర్లు నిలిచాయి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలను ఢీకొన్న మొదటి విమానంలో లెవిన్ ఉన్నారు. అప్పటికి ఆయన వయసు 31.

నెట్‌ఫ్లిక్స్ 2007లో వీడియోలను ఇంటర్నెట్‌లో చూపడం మొదలుపెట్టి, తొలుత అకమాయ్ లాంటి బయటి సంస్థల నెట్‌వర్క్‌ల మీదే ఆధారపడింది. 2012లో ప్రకటించిన ‘ఓపెన్ కనెక్ట్’తో సొంత సర్వర్ పెట్టెలను ఇంటర్నెట్ కంపెనీల గదుల్లోనే పెట్టించింది. రేపు జనం ఏం చూస్తారో అంచనా వేసి, రద్దీ లేని వేళల్లో ఆ సినిమాలను వాటిలో నింపుతుంది. వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను పలు నాణ్యతల్లో ఉంచే పద్ధతి కూడా ఆ రోజుల్లోనే స్థిరపడింది. అందుకే నెట్ నెమ్మదించినా బొమ్మ మసకబారుతుంది తప్ప సాధారణంగా ఆగిపోదు.

క్రికెట్ దగ్గర ఈ ముందుచూపు పూర్తిగా పనిచేయదు. ఇంకా వేయని బంతిని ఏ పెట్టెలోనూ దాచలేం కదా! 2019 జులైలో మాంచెస్టర్‌లో జరిగిన ప్రపంచకప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్‌పై భారత్ ఛేదనను హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. ఫీల్డర్ గప్టిల్ విసిరిన బంతికి ధోనీ రనౌట్ కాగానే జనం కుప్పలుగా వెనక్కి మళ్లారు. వీడియో సర్వర్ల మీద భారం తగ్గింది. కానీ ‘బ్యాక్’ నొక్కిన ప్రతి ఒక్కరికీ హోమ్‌పేజీ తెరుచుకోవాలి, అందులో ఎవరికి తగిన సిఫార్సులు వాళ్లకు కనిపించాలి. ఆ పనిచేసే సర్వర్ల మీద ఒక్కసారిగా వెల్లువ పడుతుంది. అందుకే హాట్‌స్టార్ ఇంజినీర్లు రద్దీ వచ్చాక సర్వర్లు పెంచడాన్ని నమ్ముకోకుండా ముందే సిద్ధంగా ఉంచుకున్నారు. మరీ ఇబ్బందైతే సిఫార్సుల్లాంటి హంగులను ఆపేసి, ఆట ఒక్కటీ ఆగకుండా చూసేలా ఏర్పాటు చేసుకున్నారు.

2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లోనే ఒకేసారి చూసినవారు 5.9 కోట్ల మంది.