అణు ఆంక్షలు: దెబ్బ ఎవురికి తగిలింది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క మీటింగులకు పోతే పిలకాయలు నన్నడిగే మాట ఒగటుండాది: "బాంబు పేల్చినందుకు అమెరికా మనల్ని ఏం చేసిందన్నా?" ఏమీ చేయలేకపోయిందని కొందరు, దేశం మునిగిందని కొందరు అంటారు. రెండూ సగం మాటలే.

1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో ఐదు అణు పరీక్షలు జరిగినాయి. 13నే క్లింటన్ ఆంక్షలు ప్రకటించినాడు. పరీక్ష చేసిన దేశం మీద ఆంక్షలు పెట్టాల్సిందేనని 1994లోనే వాళ్లు చట్టం చేసుకోనుండారు. సాయం బంద్, ఆయుధాల అమ్మకం బంద్, అమెరికా బ్యాంకులు మన సర్కారుకు అప్పియ్యకూడదు, ప్రపంచబ్యాంకు అప్పులకు అడ్డం పడాల. తిండికీ, ఆపదలో సాయానికీ మాత్రం మినహాయింపు. జపాన్ కూడా కొత్త అప్పులు ఆపేసింది.

అప్పుడు మన ముఖ్యమంత్రి కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబే. జూన్ 25న ప్రపంచబ్యాంకు మన రాష్ట్రానికి 54 కోట్ల 30 లక్షల డాలర్లు మంజూరు చేసింది. బడి, ఆస్పత్రి, రోడ్డు ఉండాయి కాబట్టి జనం కనీస అవసరాల కింద దారి ఇచ్చినారు. 1999 ఫిబ్రవరిలో కరెంటు సంస్కరణలకు ఇంకో 21 కోట్ల డాలర్లు. ఆంక్షలున్నా అప్పు ఆగలేదు, దాని వెనక షరతులూ ఆగలేదు. 2000లో కరెంటు చార్జీలు పెరిగినాయి. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగినాయి.

ఇంకో పక్క చూడండి. మే నెలాఖరులో పాకిస్తాన్ కూడా పరీక్షలు చేసి ఆంక్షల్లో పడింది. గోధుమల బేరం పోతాదని అమెరికా రైతులు గట్టిగా పట్టుబట్టేసరికి జూలైలోనే చట్టం సడలించినారు. పాకిస్తాన్‌లో మాత్రం జనం డాలర్ ఖాతాలను అక్కడి సర్కారే బిగించేసింది. మనకు ఆగస్టులో స్టేట్ బ్యాంకు బాండ్లు కొని ప్రవాసులు 420 కోట్ల డాలర్లు ఇచ్చినారు. అందుకే తట్టుకున్నాం. ఇస్రోకూ, హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కూ అమెరికా సామాను దొరకడమే కష్టమైంది.

2001 సెప్టెంబర్ 22న బుష్ ఆంక్షలు ఎత్తేసినాడు. మనం బాంబు వదిలేసినామని కాదు, అఫ్గాన్ యుద్ధానికి తోడు కావాల్సొచ్చి.

నేను అణుబాంబుకూ వ్యతిరేకమే, ఇట్లాంటి ఆంక్షలకూ వ్యతిరేకమే. గొంతున్నోళ్లు మినహాయింపు తెచ్చుకుంటారు. లేనోళ్లు బిల్లు కడతారు. రేపు ఏ దేశం మీద ఆంక్షలన్నా, చప్పట్లు కొట్టేముందు ఆ బిల్లు ఎవురి ఇంటికి పోతాదో చూడండి.