సూర్యమచ్చల క్షీణదశ – ధాత కరువు : కర్నూలు జిల్లా నేపథ్యంలో ఒక పరిశీలన

సూర్యబింబంపై కనిపించే మచ్చలు ఒక క్రమంలో పెరిగి తగ్గుతాయని హైన్రిచ్ ష్వాబే 1843లో గుర్తించాడు. ఈ ఆవర్తనం సగటున పదకొండేళ్లని తరువాత రుడాల్ఫ్ వుల్ఫ్ నిర్ణయించాడు. 1645–1715 మధ్య డెబ్బై ఏళ్లపాటు మచ్చలు చాలా అరుదుగా కనిపించాయి. దీనికి మౌండర్ క్షీణదశ అని పేరు. ప్రతి ఆవర్తనం చివర వచ్చే స్వల్ప క్షీణదశ ఇంత దీర్ఘమైనది కాదు. అయినా 1877లో అటువంటి స్వల్ప దశ ఒకటి తెలుగు నేలపై కరువుకు కారణంగా ప్రతిపాదితమైంది. ఆ వాదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

హంటర్ వాదం

1876లో వానలు తప్పి మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. విలియం విల్సన్ హంటర్ 1813 నుంచి లభించిన మద్రాసు నగర వర్షపాత లెక్కలను సూర్యమచ్చల సంఖ్యతో పోల్చి, మచ్చలు తగ్గిన ఏళ్లలో వాన తగ్గుతుందని, కరువులూ అప్పుడే వస్తాయని 1877లో ప్రతిపాదించాడు. ఖగోళవేత్త నార్మన్ లాకియర్ ఆయనతో గొంతు కలిపాడు. అదే ఏడాది రిచర్డ్ స్ట్రాచీ ఈ లెక్కలు అంత బలమైనవి కావని విమర్శించాడు.

పైకి చూస్తే సామ్యం కనిపిస్తుంది. 1832–33 నందన కరువు 1833 క్షీణదశకూ, 1876–78 కరువు 1878 క్షీణదశకూ సమీపంలో ఉన్నాయి. కానీ 1791–92 డొక్కల కరువు తరువాత ఆరేళ్లకు గాని క్షీణదశ రాలేదు. 1896–97 కరువూ 1901 నాటి క్షీణదశకు చాలా ముందే వచ్చింది.

అంతకన్నా మౌలికమైన లోపం ఆధారంలోనే ఉంది. మద్రాసు నగరానికి అధిక వర్షం ఈశాన్య రుతుపవనాల వల్ల కురుస్తుంది. జూపాడు బంగ్లా, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పైర్లకు నైరుతి ప్రధానం. ఒకచోటి వాన మరొకచోటి కరువును నిరూపించజాలదు. ఆవర్తనంలో సూర్యకాంతి హెచ్చుతగ్గులు సుమారు 0.1 శాతమేనని నేటి ఉపగ్రహ కొలతలు చెబుతున్నాయి. 1877–78లో పసిఫిక్ సముద్రంలో ఏర్పడిన తీవ్రమైన ఎల్‌నినోను ఆ అనావృష్టికి ముఖ్య కారణంగా శాస్త్రవేత్తలు పరిగణిస్తున్నారు.

ప్రజాస్మృతి

ప్రజలు ఈ కరువును ధాత కరువు అన్నారు. ధాత నామ సంవత్సరం 1876–77కు సరిపోతుంది. అరవై సంవత్సరాల పేర్లతో కరువులను గుర్తుంచుకునే ఈ పద్ధతి సాహిత్య పరిశోధకునికి కాలనిర్ణయ సాధనం. ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి అన్నదానాన్ని 1866 కరువుతో ముడిపెట్టి చెప్పడం వాడుకలో ఉంది. ఆ ఏడు అక్షయ. కనుక ఆయన కథను ధాత కరువుగా చెప్పే చోట రెండు కరువుల స్మృతులు కలిసిపోయాయా అన్నది పరిశీలించదగిన అంశం. సంవత్సర నామం కరువు ఎప్పుడు వచ్చిందో చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. స్మృతి మాత్రం అన్నం పెట్టిన చేతిని మరువలేదు.

ముగింపు

1871–1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం సుమారు నాలుగో వంతు తగ్గారు. కర్నూలు–కడప కాలువ అప్పటికే ఉన్నా జిల్లా అంతటినీ కాపాడలేకపోయింది. రిచర్డ్ టెంపుల్ సిఫారసుతో సహాయ పనుల కూలీల రోజు గ్రాసం ఒక పౌను ధాన్యానికి, దానికి తోడు నామమాత్రపు సొమ్ముకు కుదించబడింది. ధాన్యం ఎగుమతులు నిలిచిపోలేదు. వాన తప్పడం ప్రకృతి పని. అది ఇంతటి మరణంగా మారడంలో పాలనకు పాలు ఉంది. సూర్యమచ్చల వాదం కరువును ఆకాశం మీదికి నెట్టి, ఈ రెండో ప్రశ్నను మరుగుపరిచే అవకాశం ఇచ్చింది. ధాత కరువు కథలను సేకరించే పరిశోధకులు ఆ రెండు ప్రశ్నలనూ విడదీసి చూడడం అవసరం.