ముందు దూలం, తర్వాతే పొయ్యి

'స్వీడన్ వాళ్లకేం, ఎటు చూసినా అడవే, కట్టెలు కాల్చుకుని బతికేస్తారు' అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. దేశంలో మూడింట రెండొంతులు అడవే, నిజమే. కానీ అందులో చాలా భాగం గత వందేళ్లలో పెంచుకున్నది.

నేనుండే వెక్షో పట్నం స్మోలాండ్ ప్రాంతంలో ఉంది. 19వ శతాబ్దంలో ఇక్కణ్నుంచి పడమటికి పోతే చెట్టు ఊసులేని బీళ్లు తగిలేవి. పోడు వేసి కొంత, పశువులను మేపి కొంత అడవిని తినేశారు. ఉత్తరాన బెర్యస్లాగెన్ గనుల ప్రాంతంలో ఇనుము కరిగించడానికి కర్రబొగ్గు కావలసి వచ్చింది. ఫాలున్ రాగి గనిలో రాయి పగలాలంటే ముందు దాని పక్కన కట్టెలు పేర్చి మంట పెట్టాల్సి వచ్చేది. ఆవిరి రంపపు మిల్లులొచ్చాక ఉత్తరాది అడవులకూ ఆ గతే పట్టింది. రాళ్ల నేలలో తిండి గింజలు చాలక ఈ దేశం నుంచి 12 లక్షలకు పైగా జనం అమెరికా ఓడలెక్కారు. వాళ్లలో స్మోలాండ్ వాళ్లు చాలామంది. ఆ వలసల మ్యూజియం మా ఊళ్లోనే ఉంది. బతుకుతెరువుకి ఇక్కడికొచ్చిన నాలాంటివాడికి అందులో తిరుగుతుంటే కాస్త వింతగానే ఉంటుంది.

1903లో చట్టం చేశారు: అడవి నరికినవాడు మళ్లీ పెంచి తీరాలి. 1923 నుంచి దేశమంతా నమూనా స్థలాల్లో చెట్లు కొలిచి లెక్క రాస్తున్నారు. ఆ లెక్కల ప్రకారం నిలువు కలప అప్పటికిప్పటికి దాదాపు రెట్టింపయింది. ఇక్కడి అడవిలో సగం మామూలు కుటుంబాల సొంతం. మనకు పొలం ఎలాగో వాళ్లకు అడవి అలాగ: తాత నాటింది మనవడు కోస్తాడు.

అయితే ఈ అడవి పెరుగుతున్నన్నాళ్లూ దేశం చమురుకి మరిగింది. 1970 నాటికి వాడుకునే ఇంధనంలో దాదాపు నాలుగింట మూడొంతులు చమురే. 1973లో ధర చుక్కలనంటేసరికి కళ్లు తెరిచారు. 1980లో మా ఊరి సాండ్విక్ ప్లాంట్‌లో చెక్క కాల్చి, దాంతో కాచిన వేడినీళ్లను గొట్టాల్లో ఇళ్లకు పంపడం మొదలుపెట్టారు. దేశంలో ఇలాంటి పనికి పూనుకున్న తొలి ఊళ్లలో ఇదొకటి. 1991లో కర్బన పన్ను వచ్చింది. బొగ్గూ చమురూ ప్రియమై చెక్కకు గిరాకీ పెరిగింది. 1996లో మా పురపాలక సభ శిలాజ ఇంధనాలను వదిలించుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ పన్నే లేకపోతే తీర్మానం కాగితం మీదే ఉండిపోయేదని నా అనుమానం.

పొయ్యిలో పెట్టడానికి ఎవరూ మంచి చెట్టు కొట్టరు. మన ఉప్పుడు బియ్యం మిల్లులో ఊకతో బాయిలర్ మండిస్తారు, ఊక కోసం వరి వేయరు కదా. ఇక్కడా అంతే. లావు దుంగ రంపపు మిల్లుకి, సన్నది కాగితం మిల్లుకి. బెరడు, రంపపు పొట్టు, కొమ్మలు, చివర్లు బాయిలర్‌కి. గుజ్జు తీయగా మిగిలిన నల్లటి ద్రవాన్ని కాగితం మిల్లులే కాల్చుకుంటాయి.

కొమ్మల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నరికిన చోటే వాటిని వేసవంతా కుప్పలుగా వదిలేస్తారు. ఆకులు ఎండి రాలితే వాటి సారం నేలకే దక్కుతుంది. తర్వాత తెచ్చి రోడ్డు పక్కన ఇంటెత్తు వాముల్లా పేర్చి, పైన గోధుమరంగు మందపాటి కాగితం పరుస్తారు. చలికాలంలో మెషీన్ వచ్చి కొమ్మలతోపాటు ఆ కాగితాన్నీ నమిలేసి లారీలోకి చిమ్ముతుంది. ప్లాస్టిక్ పరిస్తే మళ్లీ ఏరుకోవాలి, అందుకని. చెక్క కాలాక మిగిలిన బూడిదలో కొంత మళ్లీ అడవిలో చల్లుతారు.

దీన్ని చూసి మురిసిపోయేవాళ్లకు గుడ్రున్ తుపాను సంగతి చెప్పాలి. 2005 జనవరిలో ఆ గాలి దక్షిణ స్వీడన్‌లో దాదాపు 7.5 కోట్ల ఘనపు మీటర్ల కలపను పడగొట్టింది. దేశమంతా ఏడాదిలో నరికేంత కలప ఒక్క రాత్రిలో నేలకొరిగింది. పడిపోయినవాటిలో ఎక్కువ స్ప్రూస్ చెట్లే. వాటిని తొలగిస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆపైన ఏం నాటారు? ఎక్కువగా మళ్లీ స్ప్రూసే. మిగతా మొక్కల్ని దుప్పులు చిగురు వేయనివ్వవు, స్ప్రూస్ జోలికి అంతగా రావు, పైగా డబ్బూ దానిలోనే. అడవిని పొలంలా చూస్తే పొలం జబ్బులూ వస్తాయి. ఉత్తరాన సామీ ఆదివాసుల బాధ వేరు. వాళ్ల రెయిన్‌డీర్లు చలికాలంలో తినే నాచులాంటి మేత ముదురు అడవుల్లోనే బాగా దొరుకుతుంది, నరికి నాటిన చోట దశాబ్దాల పాటు దొరకదు. ఇక పొగలోని కర్బనం మాటంటారా, కొమ్మలు ఎలాగూ కొన్నేళ్లకు కుళ్లి గాలిలో కలిసేవే. నిలువు దుంగను పొయ్యికి పంపితే మాత్రం ఆ బాకీ తీరడానికి మరో చెట్టు పెరిగేదాకా ఆగాలి.

2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా చెక్క ఆగింది. బాయిలర్‌కి పోసే చెక్క ముక్కల ధర ఎక్కింది, గొట్టపు వేడి బిల్లూ దాని వెంటే ఎక్కింది. మా బిల్డింగ్ సంఘం మీటింగులో దీనిమీద పెద్ద రభసే జరిగింది. కింది అంతస్తు పెద్దాయన ఒక్కడే నోరు మెదపలేదు. ఆయనకు ఊరి బయట అడవి ఉంది. ఇన్నాళ్లూ కొమ్మలకు లారీ ఖర్చులు కూడా రాలేదనీ, ఈ ఏడు నాలుగు డబ్బులు మిగిలాయనీ బయటికొచ్చాక నాతో మెల్లగా అన్నాడు.