గోగునార నుంచి కొండెక్కే తాడు దాకా: ఒకే రైలు లైన్ మీద తాడు చరిత్ర

విశాఖపట్నం నుంచి పలాస వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కితే దారిలో ఈ స్టేషన్లు తగుల్తాయి. కోరుకొండ, విజయనగరం, నెల్లిమర్ల, చీపురుపల్లి, పొందూరు, ఆ తర్వాత శ్రీకాకుళం రోడ్, అంటే మన ఆమదాలవలస. లాస్ట్ ఎపిసోడ్ కింద చాలామంది "అన్నా, రాక్ క్లైంబింగ్ సామాను ఫ్యాక్టరీలో ఎలా తయారవుతుందో చెప్పు" అని అడిగారు. చెప్తాను. కానీ యూరప్ నుంచి కాదు, ఈ రైలు లైన్ నుంచే మొదలుపెడదాం. ఎందుకంటే తాడు గురించి తెలుసుకోవాల్సిన విషయాల్లో సగం ఇక్కడే ఉన్నాయి.

ముందు కోరుకొండ. ఇక్కడి సైనిక్ స్కూల్లో చదివినవాడే మల్లి మస్తాన్ బాబు. సొంతూరు నెల్లూరు జిల్లా. తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. మధ్యలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కూడా చేశాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో చనిపోయాడు. ఈ పిచ్చి ఆయనకి ఎక్కడ పట్టిందో తెలుసా? కోరుకొండ స్కూల్లోనే. అదే స్కూల్లో చదివి, ఆర్మీ ఆఫీసరై, 1985లో ఎవరెస్ట్ ప్రయత్నంలో ప్రాణం పోగొట్టుకున్న ఎం. ఉదయ్ భాస్కరరావు విగ్రహం అక్కడ ఉంది. ఆ విగ్రహాన్ని చూసి పెరిగిన కుర్రాడు మస్తాన్ బాబు. కొండలెక్కడం మనకి సంబంధం లేని విషయం కాదని చెప్పడానికి ఇది చాలు.

ఇప్పుడు లైన్ చివరికి, ఆమదాలవలసకి వెళ్దాం. అక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. గోగు పంట మీద పనిచేస్తుంది. గోగు అంటే మన గోంగూర చుట్టమే. గోగు కూరే వాడుకలో గోంగూర అయింది. ఆకు మన కంచంలోకి వస్తుంది, కాండం మీది బెరడు నార అవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట భూముల్లో వానల మీద ఆధారపడి ఎక్కువగా వేసిన పంట ఇది. పూతకొచ్చాక కోసి, కట్టలు కట్టి, చెరువులోనో గెడ్డలోనో నానేస్తారు. రెండు మూడు వారాలకి బెరడు కుళ్లి మెత్తబడుతుంది. ఆ వాసన ఎలా ఉంటుందో మన ఊళ్లల్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మొలలోతు నీళ్లలో నిలబడి నార ఒలిచి, ఉతికి, ఆరేస్తారు.

ఆ నార ఎక్కడికి పోయేది? నెల్లిమర్లకి. చంపావతి నది ఒడ్డున బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి ఉన్న జూట్ మిల్లు అది. జూట్ మిల్లులో ఏం జరుగుతుందో జాగ్రత్తగా వినండి, తర్వాత పనికొస్తుంది. నార గరుకుగా, పెళుసుగా ఉంటుంది. కాబట్టి ముందు నూనె, నీళ్లు కలిపిన ద్రావణం చల్లి మెత్తబరుస్తారు. ఈ కిటుకు స్కాట్లాండ్‌లోని డండీ పట్టణంలో పుట్టింది. 1830ల్లో అక్కడ తిమింగలం నూనెతో జనపనారని మెత్తబరిచి మిషన్ మీద వడికారు. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మన దేశంలో మొదటి జూట్ మిల్లు వచ్చింది. మెత్తబడ్డ నారని మేకుల రోలర్ల మీద దువ్వుతారు, దాన్ని కార్డింగ్ అంటారు. తర్వాత పోగుల్ని సాగదీసి, పురిపెట్టి దారం చేసి, చివరికి గోనె నేస్తారు.

దువ్వడం ఎందుకు? పోగులన్నీ ఒకే దిక్కున ఉంటేనే బరువుని సమానంగా పంచుకుంటాయి. ఇదే సూత్రం మన లైన్ మీదే ఇంకో చోట కనిపిస్తుంది, పొందూరులో. అక్కడ ఖాదీ కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. చేప పళ్లైనా, ఇనుప మేకులైనా పని ఒక్కటే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నారతో పేనిన తాడు కట్టుకుని కొండ ఎక్కొచ్చా?

రెండో ప్రపంచ యుద్ధం దాకా ప్రపంచమంతా ఇలాంటి మొక్కల నార తాళ్లతోనే ఎక్కింది. మనీలా నార, ఇటాలియన్ జనుము ఇవి కాస్త మేలు రకాలు. 1864లో లండన్‌లోని ఆల్పైన్ క్లబ్ ఏ తాడు మంచిదో తేల్చడానికి ఒక కమిటీ కూడా వేసింది. మరుసటి ఏడాదే, 1865 జూలై 14న, ఎడ్వర్డ్ వింపర్ బృందం స్విట్జర్లాండ్‌లో మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఎక్కింది. దిగేటప్పుడు ఒకాయన కాలు జారాడు. ఏడుగురూ ఒకే వరుసలో తాళ్లతో కట్టుకుని ఉన్నారు. మధ్యలో తాడు తెగింది. నలుగురు లోయలో పడిపోయారు, ముగ్గురు మిగిలారు. తెగిన చోట ఉన్నది వాళ్ల దగ్గరున్న వాటిల్లో బలహీనమైన పాత తాడు. ఆ ముక్క ఇప్పటికీ జెర్మాట్ మ్యూజియంలో ఉంది.

మందంగా ఉన్న తాడు వాడితే సరిపోయేదా? పూర్తిగా సరిపోదు. ఇక్కడ కొంచెం ఫిజిక్స్. జనపనార తన పొడవులో రెండు శాతం సాగేలోపే తెగిపోతుంది. అంటే 5 మీటర్ల తాడు మహా అయితే 10 సెంటీమీటర్లు సాగుతుంది. 80 కిలోల మనిషి 4 మీటర్లు పడ్డాడనుకోండి. ఆ వేగం మొత్తం 10 సెంటీమీటర్లలో ఆగాలంటే సగటున ఒంటి బరువుకి 40 రెట్ల శక్తి కావాలి. తాడు తెగుతుంది, తెగకపోతే నడుము విరుగుతుంది. అదే తాడు మీటరున్నర సాగితే ఆ శక్తి నాలుగు రెట్లలోపు అయిపోతుంది. క్రికెట్ బాల్ క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాగుతాం చూడండి, అదే లెక్క. అందుకే ఆ రోజుల్లో క్లైంబర్లకి ఉన్న ఒకే ఒక్క రూల్, ముందు ఎక్కేవాడు పడకూడదు. అంతే.

ఈ రూల్‌ని మార్చింది కొండలెక్కేవాళ్లు కాదు, కెమిస్ట్రీ ల్యాబ్. 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం నైలాన్ తాళ్లు వాడింది. 1953లో జర్మనీలో ఎడెల్‌రిడ్ కంపెనీ కెర్న్‌మాంటిల్ తాడు తెచ్చింది. కెర్న్ అంటే లోపలి భాగం, మాంటిల్ అంటే తొడుగు. ఇవాళ ప్రపంచంలో క్లైంబర్లు వాడేది ఆ పద్ధతి తాళ్లే.

ఫ్యాక్టరీలోకి వెళ్దాం. నైలాన్ పోగులు పెద్ద పెద్ద రీళ్ల మీద వస్తాయి. వాటిని పురిపెట్టి లోపలి తీగలు చేస్తారు. సగం తీగల్ని కుడివైపు తిప్పుతారు, సగం ఎడమవైపు. అన్నీ ఒకేవైపు తిరిగితే తాడుకి వేలాడే మనిషి బొంగరంలా తిరుగుతాడు. తర్వాత ఆ తీగల్ని ఆవిరితో వేడిచేస్తారు. నైలాన్ కుంచించుకుని స్ప్రింగ్ లాంటి గుణం వస్తుంది. తాడు ప్రాణమంతా ఈ స్టెప్‌లోనే ఉంది. ఆ తీగల కట్ట మిషన్ మధ్యలోంచి పైకి పోతుంటే, చుట్టూ దారపు బాబిన్లు ఒకదాన్నొకటి తప్పించుకుంటూ గుండ్రంగా తిరిగి తొడుగు అల్లేస్తాయి. కోలాటంలో జడ కోలాటం చూశారా? పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని ఆడుతూ జడ అల్లేస్తారు. ఆ మిషన్ చేసేది అచ్చం అదే.

ఆఖర్న పరీక్ష. అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య ప్రమాణం ప్రకారం తాడుకి 80 కిలోల బరువు కట్టి ఇనుప అంచు మీదుగా పడేస్తారు. సింగిల్ తాడు కనీసం 5 సార్లు తెగకుండా నిలబడాలి. మొదటి పాటులో మనిషి మీద పడే శక్తి 12 కిలోన్యూటన్లు దాటకూడదు. కారబైనర్, అంటే ఆ డి ఆకారపు క్లిప్, దానికీ ఇలాగే. గట్టి అల్యూమినియం మిశ్రమం కడ్డీని కోసి, వంచి, వేడిచేసి అచ్చులో కొట్టి, గరుకు పోయేలా దొర్లించి, గేటు బిగిస్తారు. నిలువుగా లాగితే కనీసం 20 కిలోన్యూటన్లు, అంటే సుమారు రెండు టన్నులు తట్టుకోవాలి. ఆ నంబర్ క్లిప్ మీదే చెక్కి ఉంటుంది. చదవడం వస్తే చాలు, నమ్మాలో వద్దో తెలుస్తుంది.

ఇదంతా గొప్ప కథ. కానీ దీనికి ఇంకో వైపు ఉంది. కొండెక్కేవాడి ప్రాణం కాపాడింది సింథటిక్ పోగు. నెల్లిమర్ల కార్మికుడి పని మీద దెబ్బకొట్టిందీ సింథటిక్ పోగే. గోనె సంచి స్థానంలో ప్లాస్టిక్ సంచి వచ్చింది. తిండి గింజలు, పంచదార లాంటివి గోనెల్లోనే నింపాలని 1987లో కేంద్రం చట్టం చేయాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. నెల్లిమర్లలో లాకౌట్ల మీద లాకౌట్లు. 1994లో కార్మికుల ఆందోళన మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. భీమిలి దగ్గర చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. గోగు వేసే రైతుకి కొనేవాడు తగ్గాడు. టెక్నాలజీ మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పను. ఎవరు పోగొట్టుకున్నారు, ఎవరికి దక్కింది, ఈ రెండూ లెక్క వేయాలి.

ఆ లెక్కలో మూడో మనిషి కూడా ఉన్నాడు. మన జిల్లాల్లో అందరికంటే ఎక్కువ ఎత్తులెక్కేది ఎవరు? టూరిస్టులు కాదు, గీత కార్మికులు. రోజూ, ఏడాదిలో నెలల తరబడి, తాటిచెట్టు మీద. వాళ్ల సామాను మోకు. చెట్టుకీ నడుముకీ కలిపి చుట్టుకునే తాడు. వెనక్కి వాలి ఉన్నంతసేపు మోకు చెట్టుని పట్టుకుంటుంది, అందులో తెలివుంది. కానీ పట్టు జారితే ఆపే రెండో తాడు లేదు, సాగే గుణం లేదు, ఎంత బరువు ఆపుతుందో చెప్పే నంబరూ లేదు. నైలాన్ రాకముందు క్లైంబర్లకున్న రూలే వాళ్లకి ఇవాళ్టికీ రూల్. పడకూడదు. అంతే.

దీనికి మందు లేదా అంటే, ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీలు, తాళ్లు, క్లిప్పులు. అంటే కొండలెక్కేవాళ్ల సామాను సూత్రమే తాటిచెట్టు దగ్గరికి వచ్చింది. కిట్ ఇస్తే సరిపోదు, దాంతో ఎక్కడం నేర్పాలి, చెట్టు చెట్టుకీ టైం ఎక్కువ పడితే ఆ రోజు కూలి సంగతీ చూడాలి. అయినా దారి ఉందని తేలిపోయింది కదా.

మస్తాన్ బాబు ఎక్కిన ఎత్తులు వేరు, తాటిచెట్టు ఎత్తు వేరు. కానీ కిందపడే మనిషి బరువు ఒక్కటే, ఆపాల్సిన తాడు లెక్కా ఒక్కటే. ఈసారి మీ ఊళ్లో ఎవరైనా చెట్టెక్కుతుంటే వీడియో తీసే ముందు ఆయన నడుముకి ఏముందో చూడండి. ఏం చూశారో కామెంట్‌లో రాయండి, మీ ఊరి పేరుతో సహా. మళ్లీ కలుద్దాం, ఉంటాను.