గిటార్ తయారీ విద్య

అకూస్టిక్ గిటార్ తయారీ చాలాకాలం స్పెయిన్ కార్ఖానాల్లో గురువు నుంచి శిష్యుడికి చేతిమీదుగా అందిన విద్య. నేటి శాస్త్రీయ గిటార్ రూపాన్ని స్థిరపరిచినవాడు అల్మేరియాకు చెందిన ఆంటోనియో దె తోర్రెస్ (1817–1892). 1862లో ఆయన పక్కలు, వెనుక భాగం కాగితపు గుజ్జు అట్టతో చేసిన గిటార్ తయారుచేసి, నాదానికి ప్రాణం పైపలకేనని చూపించాడు.

బయటివారికి ఈ విద్యను అందుబాటులోకి తెచ్చినవి పుస్తకాలు. అమెరికాలో ఇర్వింగ్ స్లోన్ ‘క్లాసిక్ గిటార్ కన్‌స్ట్రక్షన్’ 1966లోనూ, విలియం కుంపియానో, జొనాథన్ నాటెల్‌సన్‌ల ‘గిటార్‌మేకింగ్: ట్రెడిషన్ అండ్ టెక్నాలజీ’ 1987లోనూ వెలువడ్డాయి. లెక్కలు నేర్పడంలో పుస్తకానికి సాటి లేదు. మిగిలిన తంతి పొడవును ప్రతిసారీ 17.817తో భాగిస్తే తరువాతి మెట్టు ఎంత దూరంలో పడాలో తెలుస్తుంది. 650 మిల్లీమీటర్ల తంతికి మొదటి మెట్టు సుమారు 36.5 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది.

పైపలకను ఎంత పలచన చేయాలన్నది వేరే సంగతి. స్ప్రూస్ పలకను సాధారణంగా రెండు, రెండున్నర మిల్లీమీటర్ల మధ్యకు చిత్రిక పడతారు. కానీ ఒకే దుంగ నుంచి కోసిన రెండు పలకల బిగువు కూడా ఒకేలా ఉండదు. వేలితో తట్టి విని, చేతులతో కొద్దిగా వంచి చూసి ఎక్కడ ఆపాలో తేల్చుకోవాలి. ఆ నేర్పు అనుభవజ్ఞుడి పక్కన నిలబడి పనిచేస్తేనే త్వరగా అబ్బుతుంది.

వడ్రంగం నేర్చిన హోసే రొమానిలోస్ (1932–2022) ఇంగ్లండులో సొంతంగా మొదలుపెట్టి, శాస్త్రీయ గిటారిస్టు జూలియన్ బ్రీమ్ వాయించిన గిటార్లు చేశాడు. తరువాత శిక్షణ తరగతులు నడిపి ఎందరికో నేర్పాడు. కొత్తవారు పుస్తకం మొత్తం చదివాక, ఖరీదైన రోజ్‌వుడ్ కొనకముందే, ఒక నిపుణుడి దగ్గర కొన్నాళ్లు పనిచేయడం మంచిది.