కుటుంబ నియంత్రణ సేవలు పల్లెకు చేరిన చరిత్ర

1952 ప్రాంతమున మైసూరు రాష్ట్రములోని రామనగరమున కొందరు గృహిణులకు రంగుపూసల దండలు పంచిపెట్టిరి. దినమునకొక పూస జరుపుచుండినచో, గర్భము నిలుచుటకు అవకాశమున్న దినములేవో పూస రంగును బట్టి తెలిసెడిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పంపిన డాక్టర్ ఏబ్రహాం స్టోన్ సూచనపై ఈ ప్రయత్నము జరిగినది. కాని ఋతుచక్రము అందరికిని ఒకే తీరున నడువదు. ఒకే స్త్రీకి సైతము నెలనెలకు మారవచ్చును. అందుచే ఆ దండ నమ్మదగిన సాధనము కాలేకపోయినది.

ప్రథమ పంచవర్ష ప్రణాళికలో ఈ కార్యక్రమమునకు 65 లక్షల రూపాయలు కేటాయించిరి. ప్రభుత్వమే పూనుకొని జాతీయస్థాయిలో కుటుంబ నియంత్రణను చేపట్టుట ప్రపంచములో అదియే మొదలు. తొలుత క్లినిక్కులు తెరచి, వచ్చినవారికి సలహా చెప్పెడివారు. అయితే కూలి మానుకొని, పసిబిడ్డను చంకనెత్తుకొని, పల్లెటూరి తల్లి ఎన్ని మైళ్లు నడచి రాగలదు? ఈ చిక్కును గ్రహించి 1963లో పద్ధతిని మార్చిరి. సేవయే ఇంటి గడపకు పోవలెనని నిశ్చయించిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, వాని క్రింద ఉపకేంద్రములు, వానిలో సహాయక నర్సులు - ఈ వరుసలో సేవ పల్లెకు చేరసాగినది.

1965లో లూప్ వచ్చినది. దానిని అమర్చుట కొద్ది నిమిషముల పని. కాని పిదప రక్తస్రావమో, నొప్పియో కలిగినవారిని పరీక్షించు ఏర్పాటు చాలలేదు. ఒకరు పడిన బాధ ఊరంతయు తెలియుటచే ఆదరణ త్వరలోనే తగ్గినది.

ఇంతకంటె పెద్ద దెబ్బ లక్ష్యముల వలన తగిలినది. అత్యవసర పరిస్థితి కాలమున, 1976-77 సంవత్సరములో 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. వానిలో అధికభాగము పురుషులకే. పలుచోట్ల బలవంతము జరిగినది. 1977లో కార్యక్రమమును కుటుంబ సంక్షేమమనిరి. పేరు మార్చినంత మాత్రమున నమ్మకము తిరిగిరాలేదు. పైనుండి విధించు లక్ష్యములను దేశమంతట తొలగించుట 1996లో గాని జరుగలేదు.

పురుషులకు చేయు శస్త్రచికిత్స సులభము, పొట్ట తెరువనక్కరలేదు. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశమున 15-49 ఏండ్ల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 మంది శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. దేశమున పురుష శస్త్రచికిత్సపై ఆధారపడిన దంపతులు నూటికి ఒక్కరైనను లేరు.

సేవ గడపకు చేరుట ఒక మెట్టు. ఏ పద్ధతి తనకు తగునో తెలిసికొని దంపతులు తామే ఎన్నుకొనుట రెండవ మెట్టు. ఉపాధ్యాయులు ఈ పాఠమును బాలికలకే గాక బాలురకును చెప్పవలసియున్నది.