పాట ఎవరిది? పుదుచ్చేరి నుంచి ఒక పాఠం

ఏటా జూన్ 21వ తేదీ దరిదాపుల్లో పుదుచ్చేరిలో 'ఫెట్ ద లా మ్యూజిక్' అనే సంగీతోత్సవం జరుగుతుంది. ఇది 1982లో ఫ్రాన్స్‌లో, జాక్ లాంగ్ సాంస్కృతిక శాఖ మంత్రిగా ఉన్నప్పుడు మొదలైన పండుగ. ఫ్రెంచివారు 1954లో పాలన వదిలి వెళ్లినా వారి అలవాట్లు కొన్ని ఈ ఊళ్లో నిలిచాయి కాబట్టి ఈ పండుగ ఇక్కడ సులువుగా వేళ్లూనుకుంది. టికెట్టు లేకుండా జనం మధ్యనే పాడటం, వాయించటం దీని పద్ధతి. కళాశాల విద్యార్థుల బ్యాండ్లకు ఇలాంటి వేదికే మొదటి బడి. అలా రెండు మూడేళ్లు వాయించి, పది సొంత పాటలు పోగుచేసుకున్న బ్యాండుకు ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఏదైనా మ్యూజిక్ కంపెనీ ఒప్పందం మీద సంతకం చేయాలా, లేక స్వతంత్రంగా ఉండిపోవాలా?

విద్యార్థులు ఈ ప్రశ్నను సాధారణంగా డబ్బుకూ స్వేచ్ఛకూ మధ్య పోటీగా చూస్తారు. చరిత్ర చూస్తే అసలు చిక్కు మరోచోట ఉన్నట్టు తెలుస్తుంది. పాట అనేది ఒక వస్తువు కాదు, కొన్ని హక్కుల మూట. సంతకం చేసేవారు ఆ మూటలోంచి ఏది ఇస్తున్నారు, ఎంతకాలానికి ఇస్తున్నారు అన్నది మొదట తేలాలి. దీనికి పుదుచ్చేరిలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. దాని దగ్గరకు వెళ్లేముందు రెండు పాత సంగతులు చెప్పుకుందాం.

మొదటిది 1847 నాటిది. పారిస్‌లో 'కఫే దెజాంబసదూర్' అనే కాఫీహోటలుకు ఎర్నెస్ట్ బుర్జే అనే పాటల రచయిత తన మిత్రులతో వెళ్లాడు. అక్కడ వారి పాటలే వాయిస్తున్నారు. బుర్జే తాగిన చక్కెర నీళ్లకు బిల్లు కట్టనన్నాడు. "మా పాటలకు మీరు డబ్బు ఇవ్వటం లేదు, మీ చక్కెర నీళ్లకు మేమెందుకు ఇవ్వాలి?" అన్నది ఆయన వాదన. వ్యవహారం కోర్టుకెక్కింది, రచయితలే గెలిచారు. ఆ గెలుపు ఫలితంగా 1851లో 'సాసెమ్' అనే సంఘం ఏర్పడింది. పాట ఎక్కడ వాయించినా రుసుము వసూలు చేసి రచయితలకు, స్వరకర్తలకు పంచే సంఘం అది. ఇక్కడ గమనించవలసింది, పాట కాగితం అమ్ముడైపోయాక కూడా దానిని వాయించే హక్కు రచయిత దగ్గరే మిగిలి ఉందన్న తీర్పు.

రెండవది మన దేశంలో జరిగింది. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు రికార్డు చేశాడు. ఆమె 3,000 రూపాయలు పుచ్చుకున్నదని చెబుతారు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. సుమారు మూడు నిమిషాల పాట పూర్తికాగానే ఆమె తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. మైనపు పలకలు జర్మనీలోని హానోవరుకు వెళ్లి రికార్డులై తిరిగి వచ్చేవి కనుక అక్కడి పనివారికి గుర్తు తెలియాలి కదా. ఆ వెంటనే మద్రాసు గాయనులు కూడా త్యాగరాజ కీర్తనలు మొదలైనవి రికార్డులకు పాడారు. గాయకులకు సాధారణంగా ముట్టింది ఒక్కసారి ఇచ్చే మొత్తమే. గొంతు కళాకారులదే, రికార్డు మాత్రం కంపెనీది. పాటకు ఒక హక్కు, రికార్డింగుకు మరో హక్కు అన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

ఇప్పుడు పుదుచ్చేరికి వద్దాం. 1908లో బ్రిటిష్ పోలీసులు 'ఇండియా' పత్రిక మీద పడినప్పుడు కవి సుబ్రహ్మణ్య భారతి మద్రాసు నుంచి తప్పించుకుని ఫ్రెంచి నేల మీదికి చేరాడు. 1918 వరకు ఇక్కడే ఉన్నాడు. 'కణ్ణన్ పాట్టు', 'కుయిల్ పాట్టు', 'పాంచాలి శపథం' ఈ ఊళ్లో పుట్టినవే. ఆయన నేటి మాటలో చెప్పాలంటే పూర్తి స్వతంత్ర కళాకారుడు. అమ్మిపెట్టే పెద్ద ప్రచురణ సంస్థ లేదు, నికరమైన ఆదాయమూ లేదు. 1921లో 38 ఏళ్ల వయసులో మరణించేనాటికి కుటుంబానికి మిగిల్చింది రాతప్రతులే. స్వతంత్రంగా ఉండటాన్ని గొప్పగా చెప్పేవారు ఈ సగం కథను కూడా గుర్తుంచుకోవాలి.

మిగతా సగం మరింత ఆసక్తికరం. ఇంటి అవసరాల వల్ల పుస్తకాల హక్కులు కొన్నేళ్లకు భారతి సవతి తమ్ముడు విశ్వనాథన్ చేతికి వచ్చాయి. పాటలను గ్రామఫోన్ రికార్డులుగా, ప్రసారాలుగా వాడుకునే హక్కు 1930లలో విడిగా ఒక నగల వ్యాపారికి చేరింది. పలికిన ధర కొన్ని వందల రూపాయలు. ఆయన నుంచి 1940లలో ఏవీఎం అధిపతి మెయ్యప్పన్ ఆ హక్కును దాదాపు 10,000 రూపాయలకు కొన్నారు. ఆయన 1932 ప్రాంతంలో సరస్వతీ స్టోర్స్ ద్వారా ఓడియన్ రికార్డుల వ్యాపారం చేసినవారు. పాట విలువ ఎక్కడుందో ఆయనకు తెలుసు. 1947లో వచ్చిన ఏవీఎం వారి 'నామ్ ఇరువర్'లో డి.కె. పట్టమ్మాళ్ పాడిన భారతి పాటలు ఊరూరా మోగాయి.

మరుసటి ఏడాది టి.కె.ఎస్. సోదరుల 'బిల్హణన్' చిత్రంలో భారతి పాట వచ్చింది. హక్కు మాదని ఏవీఎం అభ్యంతరం చెప్పింది. చట్టం ప్రకారం ఆ మాట తప్పు కాదు. కానీ స్వాతంత్ర్యం కోసం పాడిన కవి పాటలు ఒక కంపెనీ సొత్తు ఎలా అవుతాయని తమిళనాట ఆందోళన రేగింది. చివరికి 1949లో మద్రాసు ప్రభుత్వం హక్కులను తీసుకుంది. మెయ్యప్పన్ తన వాటాను డబ్బు తీసుకోకుండా వదులుకున్నారు, కుటుంబానికి పరిహారం అందింది. 1950ల మధ్యలో ఆ పాటలు అందరివీ అయ్యాయి. నాటి చట్టం ప్రకారం అయితే 1971 వరకు ఆగవలసి వచ్చేది.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. డబ్బు అవసరమైన కుటుంబం అమ్మింది, అందులో లాభం చూసినవారు కొన్నారు. లోపమల్లా ఒకటే. కొన్ని వందలకు అమ్మిన నాడు మాట్లాడే సినిమా ఇంకా పసిబిడ్డ. రేపు ఆ పాట ఏ యంత్రంలో మోగుతుందో అమ్మినవారు ఊహించలేదు.

కంపెనీలను తిట్టిపోయటం కూడా న్యాయం కాదు. మన ఘంటసాల సంగతే చూడండి. మొదట హెచ్.ఎం.వి.లో ఆయన గొంతు పనికిరాదన్నారు. తరువాత అదే సంస్థలో పనిచేస్తున్న పేకేటి శివరాం చొరవతో రికార్డులు వచ్చాయి. కరుణశ్రీ 'పుష్పవిలాపం', 1974లో ఆయన కన్నుమూసేముందు పాడిన భగవద్గీత తెలుగు ఇళ్లకు చేరటానికి స్టూడియో, కర్మాగారం, ఊరూరా దుకాణాలు ఉన్న సంస్థే కావలసి వచ్చింది. ఆనాడు ఒక గాయకుడు ఇవన్నీ సొంతంగా ఏర్పాటు చేసుకోవటం అసాధ్యం.

స్వతంత్ర భారతంలో 1957 కాపీరైట్ చట్టం వచ్చినా స్వరకర్తల బాధ తీరలేదు. 1977లో సుప్రీంకోర్టు సినిమా నిర్మాతల పక్షాన తీర్పు చెప్పటంతో, డబ్బిచ్చి రాయించుకున్న పాట మీద ఇతర ఒప్పందం లేకపోతే నిర్మాతదే హక్కు అయింది. రాజ్యసభలో కవి జావేద్ అఖ్తర్ పట్టుబట్టిన 2012 సవరణతో పరిస్థితి మారింది. అది అమలులోకి వచ్చిన తేదీ జూన్ 21 కావటం కాకతాళీయమే. సినిమాలోకో రికార్డులోకో వెళ్లిన పాటకు రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును రచయిత, స్వరకర్త ఇప్పుడు కంపెనీకి రాసిచ్చినా చెల్లదు. వారసులకో, హక్కుల సంఘానికో మాత్రమే ఇవ్వవచ్చు.

బ్యాండులో పాట రాసినవారెవరు, బాణీ కట్టినవారెవరు అన్నది కాగితం మీద ఉండాలనటానికి కారణం ఇదే. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున నోటీసు వచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని. బాలు ఆ కచేరీలలో వాటిని పాడటం మానేశారు. దశాబ్దాల స్నేహితుల మధ్యే ఇలా జరిగితే, కళాశాల వదిలాక నలుగురూ నాలుగు ఊళ్లకు చేరే బ్యాండు సంగతి చెప్పేదేముంది?

కంపెనీ లేకుండా బతకవచ్చా? ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బృందం 1993లో హెచ్.ఎం.వి. ద్వారా, 2000లో 'కందిసా'ను టైమ్స్ మ్యూజిక్ ద్వారా విడుదల చేసింది. 2010లో '16/330 ఖజూర్ రోడ్' పాటలను నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చింది. ఆదాయం ప్రధానంగా కచేరీల నుంచి వచ్చేవారికి అది తెలివైన పనే. కానీ అప్పటికి వారి వెనుక ఇరవై ఏళ్ల శ్రోతలు ఉన్నారు. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో సునీల్ భట్టాచార్య (1920–1998) బజారు ఊసే లేకుండా 'సావిత్రి'కి సంగీతం కూర్చారు. ఆయన కూడూ గూడూ ఆశ్రమం చూసుకుంది. స్వతంత్ర సంగీతం వెనుక ఖర్చు భరించేవారు ఎవరో ఒకరు ఉంటారు. మీ విషయంలో అది ఎవరన్నది ముందే లెక్క వేసుకోండి.

నా అభిప్రాయం అడిగితే, మొదటి పది పాటలూ శాశ్వతంగా ఇచ్చేయమనే ఒప్పందాన్ని పక్కన పెట్టి, ఒక్క ఆల్బమ్ రికార్డింగును కొన్నేళ్లకు ఇచ్చే పద్ధతి మేలు. చట్టం కూడా ఇటే మొగ్గింది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. సంతకం నాటికి వాడుకలో లేని మాధ్యమం, దాని పేరు ప్రత్యేకంగా రాస్తే తప్ప, ఒప్పందంలోకి రాదు. భారతి కుటుంబానికి 1930లలో లేని రక్షణ ఇది. హక్కు తీసుకున్న కంపెనీ ఏడాదిలోగా దానిని వాడకపోతే అది రద్దవుతుంది, ఒప్పందంలో వేరే విధంగా రాసి ఉంటే తప్ప. కంపెనీలు తయారుచేసి తెచ్చే కాగితాలలో ఆ 'వేరే విధం' ఎక్కడో చివరి పేజీల్లో ఉంటుంది కనుక, చదవటం అటు నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.